క్లారినెట్ రీడ్‌ను సిద్ధం చేయడం, కాపాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

క్లారినెట్ ఎంత మేలైనదైనా నాదం పుట్టేది రీడ్ అనే, బొటనవేలి వెడల్పు కూడా లేని ఒక గడ ముక్క దగ్గరే. అది సరిగా పలకకపోతే ఎంత సాధన ఉన్నవారైనా వాద్యంతో పెనుగులాడాల్సి వస్తుంది. పెట్టెలోని పది రీడ్లలో రెండో మూడో మాత్రమే పనికొస్తాయని, మిగతావి పారేయాల్సినవేనని చాలామంది నమ్ముతారు. ఆ మాట నేను ఒప్పుకోను. పారేస్తున్న వాటిలో చాలా రీడ్లు కాస్త నీరు, కొన్ని రోజుల ఓపిక, ఒక చదునైన అద్దం పలక ఉంటే బాగుపడేవే. కింది జవాబులు బీ ఫ్లాట్ క్లారినెట్‌నూ, గడతో చేసిన రీడ్లనూ దృష్టిలో పెట్టుకొని రాసినవి.

రీడ్‌ను దేనితో చేస్తారు? కొత్తదాన్ని నేరుగా వాయిస్తే ఏమవుతుంది?

అరుండో డొనాక్స్ అనే గడ్డిజాతి మొక్క గడతో చేస్తారు. చూడటానికి వెదురును పోలి ఉంటుంది కాని వెదురు కాదు. దక్షిణ ఫ్రాన్స్‌లోని వార్ ప్రాంతంలో పెరిగే గడకు చాలా కాలంగా పేరుంది. అర్జెంటీనాలోనూ రీడ్ల కోసం దీన్ని పెంచుతున్నారు. రెండేళ్లు ఎదిగిన గడలను చలికాలంలో కోసి, ఎండలో ఆరబెట్టి, బాగా పక్వానికి వచ్చేదాకా నిల్వ చేసి, ఆ తరువాతే చీలుస్తారు.

గడను అడ్డంగా కోసి భూతద్దం పెట్టి చూస్తే మెత్తటి కణజాలం మధ్య సన్నని గొట్టాల కట్టలు చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. మొక్క బతికి ఉన్నప్పుడు వేరు నుంచి ఆకులకు నీరు ఎక్కింది వాటి గుండానే. ఆ కట్టల చుట్టూ ఉండే గట్టి నార రీడ్‌కు బిగువునిస్తుంది. మధ్యనున్న మెత్తటి కణాలు నీరు పీల్చుకొని ఉబ్బుతాయి. రీడ్ కొన మందం మిల్లీమీటరులో పదో వంతు దగ్గర ఉంటుంది. మడమ, అంటే వెనకవైపు మందపాటి చివర, దగ్గర అదే ముక్క దాదాపు మూడు మిల్లీమీటర్లు. ఇంత తేడా ఉన్న ముక్కకు తడి తగిలినప్పుడు అన్నిచోట్లా ఒకేలా ఉబ్బడం జరగని పని.

అందుకే కొత్త రీడ్‌ను మొదటి రోజే గంటసేపు వాయిస్తే అడుగు (రీడ్ చదునైన కింది వైపు) వంగుతుంది, కొన అలలు తిరుగుతుంది, నారలోని బిగువు త్వరగా సడలిపోతుంది. 440 హెర్ట్జ్‌ల ‘ఏ’ (A) స్వరం పలికినప్పుడు ఆ కొన సెకనుకు 440 సార్లు కదులుతోందని గుర్తుంచుకుంటే, అలవాటు పడని గడ మీద ఎంత ఒత్తిడి పడుతుందో అర్థమవుతుంది.

పెట్టె తెరవగానే ఏమేం చూడాలి?

ముందు రంగు. బెరడు బంగారు పసుపులో ఉండాలి, గోధుమ రంగు మచ్చలు ఉన్నా భయం లేదు. పచ్చదనం కనిపిస్తే గడ పూర్తిగా పండలేదన్నమాట. అలాంటి రీడ్‌ను కొన్ని నెలలు పక్కన పెట్టడమే దారి.

తరువాత రీడ్‌ను దీపం వైపు ఎత్తి పట్టుకోండి. కొన వైపు చెక్కి పలచబరచిన వాలు భాగంలో, నడిమధ్యన, తలకిందులైన యు ఆకారంలో ఒక నీడ కనిపిస్తుంది. రీడ్‌కు గుండె అని పిలిచే మందపాటి భాగం అదే. ఆ నీడ రెండు పక్కలా సమానంగా ఉండాలి. నార గీతలు మడమ నుంచి కొన దాకా వంకర లేకుండా సాగాలి. అవి ఏటవాలుగా పోయి అంచులో కలిసిపోతుంటే ఆ రీడ్ మీద ఎక్కువ శ్రమ పెట్టకండి. నీడ అటూఇటూగా ఉన్నంత మాత్రాన మాత్రం పక్కన పడేయవద్దు. చూపుకు వంకరగా ఉండి చక్కగా పలికేవి ఉన్నాయి, ముచ్చటగా ఉండి మూగగా ఉండేవీ ఉన్నాయి. తుది తీర్పు చెవిదే.

ప్రతి రీడ్ బెరడు మీద పెన్సిలుతో ఒక సంఖ్య, తెరిచిన తేదీ రాయండి. ఏ రీడ్ ఎన్నాళ్లది, ఎలా మారుతోంది అన్నది ఆ గుర్తు లేకుండా తెలియదు.

రీడ్ మీది నంబరు మందాన్ని చెబుతుందా?

లేదు, గట్టిదనాన్ని. ఒకే రకంలోని రెండున్నర, మూడు, మూడున్నర నంబర్ల రీడ్లన్నీ ఒకే కొలతలకు చెక్కినవే. చెక్కిన తరువాత యంత్రం ఒక్కొక్కదాన్ని వంచి చూసి, ఎంత ఎదురుతిరిగిందో దాన్ని బట్టి వేరుచేస్తుంది. మందం మారేది రకాన్ని బట్టి. రీడ్లు చేసే వాండొరెన్ కంపెనీ సంప్రదాయ రకంలో కొన మందం 0.09 మిల్లీమీటర్లు, వి12 రకంలో 0.10. ఒక కంపెనీ మూడో నంబరు మరో కంపెనీ మూడో నంబరుతో సమానం కాదు.

నంబరు పెరిగితే వాయించేవారి స్థాయి పెరిగినట్టు భావించడం విద్యార్థుల్లో తరచుగా చూస్తుంటాను. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. మౌత్‌పీస్ (రీడ్‌ను బిగించి నోట్లో పెట్టుకునే భాగం) కొన దగ్గర తెరపు, అంటే రీడ్‌కూ దానికీ మధ్య సందు, ఎక్కువగా ఉంటే మెత్తటి రీడ్, తక్కువగా ఉంటే గట్టి రీడ్ సాధారణంగా నప్పుతాయి. రీడ్ నంబరును నిర్ణయించాల్సింది మీ మౌత్‌పీస్.

వాయించే ముందు ఎంతసేపు తడపాలి? నీటితోనా, లాలాజలంతోనా?

గోరువెచ్చని మంచినీటిలో ఒకటి రెండు నిమిషాలు చాలు. కొన, వాలు భాగం మునిగితే సరిపోతుంది. అయితే అడుగు కూడా కాస్త తడిస్తే మౌత్‌పీస్‌కు చక్కగా అతుక్కుంటుంది. అరగంట నానబెడితే కణాలు నీటితో నిండిపోయి రీడ్ బరువెక్కుతుంది, నాదం మొద్దుబారుతుంది. ఎక్కువసేపు నానినకొద్దీ గడలో సహజంగా ఉండే చక్కెరల వంటి పదార్థాలు కూడా కరిగి బయటికి వస్తాయి. గడ కంపించే తీరు మీద ఆ పదార్థాల ప్రభావం ఉంటుందని ప్రయోగాల్లో తేలింది. అవి తొందరగా కరిగిపోకూడదు.

లాలాజలం విషయంలో రెండు వాదనలున్నాయి. నోట్లో పెట్టుకొని తడపడం సులువు, వేదిక మీద వేరే దారీ ఉండదు. కాని లాలాజలంలో మాంసకృత్తులు, ఎంజైములు ఉంటాయి. అవి గడలోకి దిగి పేరుకుంటాయి. సాధన మొదలుపెట్టేటప్పుడు నీళ్లు, మధ్యలో ఆరిపోతే నోటి తడి: ఇది నేను పాటించే పద్ధతి, చెప్పేదీ ఇదే.

తడపగానే కొన అలలు అలలుగా మారుతోంది. పాడైనట్టేనా?

కాదు. పలుచని కొన నీటిని తొందరగా పీల్చుకొని పక్కలకు వ్యాకోచిస్తుంది, వెనకనున్న మందపాటి భాగం ఇంకా ఆ తడిని అందుకోదు. పోవడానికి చోటు లేక కొన ముడతపడుతుంది. మరో నిమిషం తడిలో ఉంచండి, లేదా అద్దం పలక మీద పెట్టి బొటనవేలితో మెల్లగా అదిమి ఉంచండి. సర్దుకుంటుంది. అలలు పోకముందే వాయిస్తే మాత్రం కీచుమంటుంది. రోజూ ఇలాగే జరుగుతుంటే రీడ్‌ను దాచే చోట గాలి మరీ పొడిగా ఉందని అర్థం.

కొత్త రీడ్‌ను అలవాటు చేసే పద్ధతి ఏమిటి?

ఈ పేజీలో ఒక్క జవాబు మాత్రమే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

మొదటి రోజు ఒకటి రెండు నిమిషాలు తడిపి, అయిదు నిమిషాలకు మించకుండా వాయించండి. మంద్ర స్థాయిలో, మధ్య స్థాయిలో, మరీ గట్టిగా కాకుండా, మరీ మెల్లగా కాకుండా పొడవైన స్వరాలు నిలపండి. తార స్థాయి జోలికి, స్వరాలను నాలుకతో విడగొట్టే పదునైన దెబ్బల జోలికి పోవద్దు. అయ్యాక రీడ్ తీసి, మడమ నుంచి కొన వైపు మెత్తటి గుడ్డతో తుడిచి, చదునైన చోట ఆరనివ్వండి. రెండో రోజు పది నిమిషాల లోపు. మూడో రోజు పావుగంట. అలా మెల్లగా పెంచుతూ వారం గడిచేసరికి మామూలు సాధనకు తీసుకురావచ్చు. ఒక్కో రోజుకు ఒక్కో రీడ్ కాకుండా నాలుగైదింటిని ఒకేసారి మొదలుపెడితే అయిదేసి నిమిషాలు వృథాగా అనిపించవు, పైగా ఒకదాన్నొకటి పోల్చి చూసుకోవచ్చు.

ఇలా తడవడం, ఆరడం పదేపదే జరుగుతుంటే గడలోని ఒత్తిళ్లు కొద్దికొద్దిగా సర్దుకొని, ప్రతిసారీ వచ్చే మార్పు తగ్గుతూ పోతుంది. మొదటి రోజు మూగగా ఉన్నది మూడో రోజుకు నోరు విప్పుతుంది. మొదటి రోజే అద్భుతంగా పలికినది నాలుగో రోజుకు నీరసపడిపోవడమూ మామూలే. అందుకే మొదటి మూడు రోజులు గరుకు కాగితం, కత్తి ముట్టవద్దని గట్టిగా చెబుతాను. తనంతట తాను మారుతున్నదాన్ని మనం కూడా మార్చబోతే ఏ మార్పు ఎవరి వల్ల వచ్చిందో తెలియదు, గీకేసిన గడ తిరిగి రాదు.

అలవాటు పడిన తరువాత కూడా ఒకే రీడ్‌ను వరుసగా రోజుల తరబడి వాయించవద్దు. కనీసం నాలుగింటిని వంతులవారీగా వాడండి. ఒక వంతు వాయించిన రీడ్‌కు ఒక రోజైనా పూర్తి విశ్రాంతి దొరికితే దాని ఆయుష్షు పెరుగుతుంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. మీ పెదవులు ఒకే రీడ్‌కు బందీ అయిపోవు.

రీడ్‌ను వేలితో, కాగితంతో రుద్దడం ఎందుకు?

పైపొరలో తెరుచుకొని ఉన్న గొట్టాల నోళ్లను మూయడానికి. మూసుకున్నవో లేదో చూడాలంటే తడి రీడ్ మడమను నోట్లో పెట్టుకొని గట్టిగా ఊదండి. వాలు భాగం మీద చిన్న చిన్న నీటి బుడగలు పైకి వస్తే గొట్టాలు తెరుచుకొని ఉన్నట్టు. కొత్త రీడ్లలో ఇవి ఎక్కువ. వాయించినకొద్దీ తగ్గుతాయి.

తడిపిన రీడ్‌ను అద్దం మీద పెట్టి, గుండె భాగం నుంచి కొన వైపు చూపుడు వేలితో ఇరవై ముప్పై సార్లు మెల్లగా నిమరండి. ఎప్పుడూ కొన వైపే. వెనక్కి రుద్దితే వేలు కొనకు తగులుకొని చీలిపోతుంది. అడుగు భాగాన్ని గీతలు లేని తెల్ల కాగితం మీద నిగనిగలాడే దాకా రుద్దవచ్చు. కాగితం కూడా చాలా స్వల్పంగా అరగదీస్తుంది, కాబట్టి అదే పనిగా రుద్దనక్కరలేదు. అలవాటు చేసే వారంలో రోజుకొకసారి చాలు. ఇలా చేసిన రీడ్ నీటిని తగుమాత్రంగా పీలుస్తుంది, గంట వాయించినా ఉబ్బిపోదు.

అడుగు చదునుగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? లేకపోతే ఏం చేయాలి?

నా అనుభవంలో పాడైపోయిందనుకొని పక్కన పెట్టే రీడ్లలో ఎక్కువ వాటి అసలు జబ్బు ఇదే. అడుగు మౌత్‌పీస్ బల్లకు (రీడ్ ఆనే చదునైన భాగానికి) పూర్తిగా ఆనకపోతే సందులోంచి గాలి జారుతుంది. అప్పుడు రీడ్ గట్టిగా ఉన్నట్టు, ఊపిరి చాలనట్టు తోస్తుంది. వాయించేవారు మెత్తటి నంబరు కొంటారు. అదీ అలాగే వంగుతుంది.

పరీక్ష సులువు. తడిపిన రీడ్‌ను లిగేచర్‌తో (రీడ్‌ను పట్టి ఉంచే పట్టీతో) మౌత్‌పీస్‌కు బిగించండి. మౌత్‌పీస్‌ను వాద్యం నుంచి విడిగా పట్టుకొని కింది రంధ్రాన్ని అరచేతితో గట్టిగా మూయండి. కొన వైపు నుంచి గాలిని లోపలికి పీల్చి నోరు తీసేయండి. రీడ్ ఒకటి రెండు సెకన్లు మౌత్‌పీస్‌కు అతుక్కుపోయి, ఆ తరువాత టప్‌మని విడిపోవాలి. పీల్చిన వెంటనే విడిపోతే, అసలు అతుక్కోకపోతే, గాలి కారుతున్నట్టు. ఒక్క రీడ్ విషయంలోనే ఇలా జరిగితే తప్పు రీడ్‌ది. అన్ని రీడ్లూ ఇలాగే చేస్తే మౌత్‌పీస్‌ను అనుమానించాలి.

వంపును కంటితోనూ చూడవచ్చు. పొడి రీడ్‌ను అద్దం పలక మీద పెట్టి, కంటిని పలక ఎత్తుకు దించి వెలుతురుకు ఎదురుగా చూడండి. మధ్యలో సన్నని వెలుగు గీత కనిపిస్తే అక్కడ గుంట పడింది. మడమ మూలలను వేలితో ఒక్కొక్కటిగా నొక్కినప్పుడు రీడ్ అటూ ఇటూ ఊగితే అడుగు ఉబ్బింది.

సరిచేయడానికి 400 లేదా 600 నంబరు గరుకు కాగితాన్ని మందపాటి అద్దం పలక మీద పరవండి. బల్ల మీద పరవకూడదు, చాలా బల్లలు మనం అనుకున్నంత చదునుగా ఉండవు. పూర్తిగా ఆరిన రీడ్‌ను అడుగు కిందికి వచ్చేలా పెట్టి, బెరడు భాగం మీద రెండు వేళ్లు ఆనించి, మొత్తం పొడవునా తేలికగా అయిదారు సార్లు లాగండి. వాలు భాగం మీద వేలు పెట్టి అదమకండి. అలా చేస్తే కొన అడుగు వైపు నుంచి అరిగి రీడ్ ఒక్కసారిగా చచ్చుబడుతుంది. కొనను కాగితం అంచు దాటించి గాలిలో ఉంచితే ఇంకా భద్రం. మధ్యమధ్యలో ఆపి అడుగు చూడండి. అరిగిన చోట కొత్త తెల్లదనం, తగలని చోట పాత రంగు కనిపిస్తాయి. అంతటా ఒకే రంగు రాగానే ఆపేసి, 1200 నంబరు కాగితం మీద గానీ మామూలు తెల్ల కాగితం మీద గానీ నునుపు చేయండి.

ఇది రీడ్ జీవితంలో ఒకసారో రెండుసార్లో చేసే పని. అలవాటు పడ్డాక ఒకసారి, రెండు వారాల తరువాత మళ్లీ వంగితే మరోసారి. అంతకు మించి చదును చేస్తూ పోతే మొత్తం రీడ్ పలచబడుతుంది.

ఒక పక్క గట్టిగా, ఒక పక్క మెత్తగా ఉందని ఎలా తెలుసుకోవాలి?

ఏ రంధ్రమూ మూయకుండా, ఏ మీటా నొక్కకుండా పలికే జి స్వరాన్ని తీసుకోండి. ముందు మామూలుగా వాయించండి. తరువాత వాద్యాన్ని నోట్లోనే కాస్త పక్కకు తిప్పండి. అప్పుడు కింది పెదవి రీడ్ ఒక అంచును అదిమి పడుతుంది, రెండో అంచు స్వేచ్ఛగా కంపిస్తుంది. అలాగే రెండో వైపుకు తిప్పి చూడండి. రెండు సార్లూ నాదం ఒకేలా వస్తే రీడ్ తూకంలో ఉంది. ఒకసారి తేలికగా పలికి, రెండోసారి గాలి చప్పుడుతో మొరాయిస్తే, మొరాయించినప్పుడు స్వేచ్ఛగా ఉన్న అంచే గట్టిది. సరిచేయాల్సింది దాన్నే.

ఏ పక్క ఏదో తికమక పడకుండా ఒక ఉపాయం ఉంది. రీడ్‌ను తీసి, కొన మీకు దూరంగా, వాలు పైకి వచ్చేలా పెట్టుకుంటే, వాయించేటప్పుడు మీ కుడివైపు ఉన్న అంచు ఇప్పుడూ కుడివైపే ఉంటుంది.

గీకే ముందు ఇంకొక ప్రయత్నం చేయండి. రీడ్‌ను మౌత్‌పీస్ మీద వెంట్రుకవాసి పక్కకు జరిపి బిగించి వాయించండి. గట్టి అంచు మౌత్‌పీస్ అంచుకు కాస్త బయటికి వచ్చేలా జరిపితే చాలాసార్లు తేడా అక్కడే తీరిపోతుంది. తీరకపోతే, గట్టి అంచు వైపు, గుండె భాగాన్ని ముట్టుకోకుండా, భుజం (వాలు మొదలయ్యే చోట పక్క భాగం) నుంచి కొన మూల దిశగా 600 నంబరు కాగితం ముక్కతో మూడు నాలుగు సార్లు తేలికగా రుద్దండి. వెంటనే వాయించి చూడండి. మళ్లీ రుద్దండి, మళ్లీ వాయించండి. ప్రతి విడతకూ మధ్య వాయించి తీరాలి. పరుగెత్తేవారే రీడ్లను చంపుతారు.

స్థూలంగా చెప్పాలంటే, కింది భాగంలో భుజాల దగ్గర తీసే గడ మంద్ర స్థాయిని విప్పుతుంది. కొన మూలలకు దగ్గరగా తీసేది నాలుక స్పందనను, పై స్వరాలను తేలిక చేస్తుంది. గుండెను మాత్రం ముట్టవద్దు. నాదానికి నిండుదనం అక్కడి నుంచే వస్తుంది, అది పోతే శ్రుతి కూడా నిలవదు.

తూకం బాగానే ఉంది, కాని మొత్తంగా గట్టిగా ఉంది. లేదా మెత్తబడిపోయింది. ఏం చేయవచ్చు?

ముందు స్థానం మార్చి చూడండి. రీడ్‌ను మౌత్‌పీస్ మీద కాస్త కిందికి దించితే మెత్తగా, కాస్త పైకి ఎక్కిస్తే గట్టిగా స్పందిస్తుంది. ఎదురుగా చూసినప్పుడు రీడ్ కొనకు పైన మౌత్‌పీస్ నల్లటి అంచు వెంట్రుకంత కనిపించడం మామూలు స్థానం.

ఇంకా గట్టిగా ఉంటే రెండు అంచులను సమానంగా, పైన చెప్పిన విధంగా కొద్దికొద్దిగా రుద్దండి. మెత్తబడిన రీడ్‌కు కొనను కత్తిరించే చిన్న యంత్రం ఉంటుంది. వెంట్రుకవాసి కత్తిరిస్తే కొన మందం పెరిగి బిగువు తిరిగి వస్తుంది. కాస్త ఎక్కువైతే గీకి పలచబరచాలి. ఈ యంత్రం వంపు మీ మౌత్‌పీస్ కొన వంపుతో సరిపోవాలి. లేకపోతే మూలల దగ్గర రీడ్ పొట్టిగానో పొడుగ్గానో మిగిలి కీచుమంటుంది. ముసలి రీడ్‌ను కత్తిరిస్తే కొన్ని రోజులు వాయించుకోవచ్చు, కాని అలసిన నార మళ్లీ కొత్తది కాదు.

ఏ పరికరాలు కొనాలి?

మందపాటి అద్దం పలక, 400, 600, 1200 నంబర్ల గరుకు కాగితాలు, పెన్సిలు. మొదటి ఏడాది ఇంతే. గుర్రపుతోక గడ్డి కాడలతో గీకడం పాత పద్ధతి. ఆ కాడల్లో సహజంగా సిలికా ఉండటం వల్ల చాలా సున్నితంగా అరగదీస్తాయి, కొన దగ్గరి పనికి అవి నాకెంతో ఇష్టం. రీడ్ గీక్ వంటి లోహపు గీకుడు పరికరాలు పని వేగాన్ని పెంచుతాయి, చెయ్యి తిరిగాక తీసుకోండి. కత్తి చివరికి.

రీడ్ కీచుమంటోంది. కారణం ఏమిటి?

రీడ్‌ను నిందించే ముందు వేళ్లు రంధ్రాలను పూర్తిగా మూస్తున్నాయో లేదో, గద్దీలు (మీటల కింద రంధ్రాలను మూసే మెత్తలు) సరిగా ఆనుతున్నాయో లేదో చూడండి. రీడ్ వల్ల అయితే సాధారణ కారణాలు నాలుగు: కొన చిట్లడం, రెండు అంచుల మధ్య తేడా, అడుగు వంపు, తడి చాలకపోవడం. చిట్లిన కొనకు మందు లేదు, చిన్న చిట్లు అయితే కత్తిరించి చూడవచ్చు. మిగతా మూడింటికీ జవాబులు పైన ఉన్నాయి.

రీడ్లను ఎక్కడ, ఎలా దాచాలి?

ముందు ఎక్కడ ఉంచకూడదో చెబుతాను: మౌత్‌పీస్ మీద. వాయించడం అయ్యాక అలాగే వదిలేస్తే అడుగు తడి ఆరదు, కొన మౌత్‌పీస్ వంపును పట్టేస్తుంది, మౌత్‌పీస్ లోపల కూడా మురికి గట్టిపడుతుంది. కొత్త రీడ్ వచ్చే చిన్న ప్లాస్టిక్ తొడుగు తాత్కాలికంగా పనికొస్తుంది. శాశ్వతంగా మాత్రం చదునైన అద్దం లేదా ప్లాస్టిక్ పలక మీద రీడ్‌ను అదిమి ఉంచే పెట్టె కావాలి.

పెట్టెలో తేమ నిలకడగా ఉండటం అవసరం. గాలి పొడిబారినప్పుడు గడ ముడుచుకుంటుంది, తేమ పెరిగినప్పుడు ఉబ్బుతుంది. రోజూ ఇలా ఊగిసలాడితే ఎంత బాగా సిద్ధం చేసిన రీడ్ అయినా నిలకడ కోల్పోతుంది. తేమను ఒకే స్థాయిలో నిలిపే చిన్న పొట్లాలు 58, 73, 84 శాతం స్థాయిల్లో తయారవుతున్నాయి. 73 దగ్గర ఉండేవి ఎక్కువమందికి నప్పుతాయి. 84 శాతం నాకు బూజుకు మరీ దగ్గరగా అనిపిస్తుంది. పెట్టెలో పండ్ల తొక్కలు, తడి దూది వేసే అలవాటు కొందరికి ఉంది. తేమ మాటెలా ఉన్నా బూజు మాత్రం ఖాయం.

వాయించిన వెంటనే తడి రీడ్‌ను మూసిన పెట్టెలో పెట్టకండి. తుడిచి, పావుగంట గాలికి ఉంచి, అప్పుడు పెట్టండి. ఎండలో, వేడిగాలి యంత్రం ముందు ఆరబెట్టడం మంచిది కాదు.

ఎలా శుభ్రం చేయాలి? బూజు పడితే కడిగి వాడవచ్చా?

రోజూ వాయించాక మంచినీటిలో ఒకసారి కడిగి తుడిస్తే చాలు. రెండు మూడు వారాల వయసున్న రీడ్ జిడ్డుగా, బరువుగా తోస్తే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణంలో కొద్ది నిమిషాలు ఉంచండి. నురుగు వస్తుంది, పేరుకున్న లాలాజలపు మురికి వదులుతుంది. తరువాత మంచినీటిలో బాగా కడిగి ఆరబెట్టాలి. దీనితో చాలా రీడ్లు కొంత తేరుకుంటాయి. ఇదే పని పదేపదే చేస్తే గడ పెళుసుబారుతుంది.

బూజు పడినదాన్ని కడిగి వాడవద్దు. పారేయండి, పెట్టెను కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ఊదే వాద్యాల్లో పెరిగిన బూజును ఏళ్ల తరబడి పీల్చడం వల్ల ఊపిరితిత్తుల జబ్బు వచ్చిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. బ్యాగ్‌పైప్ వాయించిన ఒకరి ప్రాణమే పోయిన ఉదంతాన్ని 2016లో ప్రచురించారు. ఒక రీడ్ కోసం ఆ ప్రమాదం కొనితెచ్చుకోనవసరం లేదు. మీ రీడ్‌ను మరొకరికి ఇవ్వకండి, మరొకరిది మీరు వాడకండి.

నూనె, మైనం పూయడం, మరగబెట్టడం లాంటి చిట్కాలు పనిచేస్తాయా?

నూనె, మైనం నీరు లోపలికి దిగకుండా అడ్డుకుంటాయి, నిజమే. అదే సమయంలో కొన బరువును పెంచుతాయి. మిల్లీమీటరులో పదో వంతు మందం ఉన్న కొనకు ఆ కొంచెం బరువే ఎక్కువ. నాదంలో మెరుపు పోతుంది. పైగా అవి నోట్లోకి వెళతాయి. మరగబెడితే గడలోని కరిగే పదార్థాలు ఒక్కసారిగా పోతాయి, రీడ్ మొదట తేలికగా పలికినట్టనిపించినా త్వరగా డీలాపడుతుంది. ఈ రెంటినీ నేను సిఫారసు చేయను. వేలితో నిమిరి రంధ్రాలు మూయడం అదే ఫలితాన్ని ఏ హానీ లేకుండా ఇస్తుంది.

ఒక రీడ్ ఎన్నాళ్లు పనిచేస్తుంది?

రోజూ గంటా రెండు గంటలు వాయిస్తే రెండు నుంచి నాలుగు వారాలు. వంతులవారీగా వాడితే క్యాలెండరు లెక్కన ఇంకా ఎక్కువ. పై స్వరాల శ్రుతి దిగిపోతుండటం, మెల్లగా పలకబోతే స్వరం ఆలస్యంగా రావడం, నాదం పలచబడటం వయసు మీద పడిన గుర్తులు. అప్పుడు దాన్ని కచేరీ రీడ్ల నుంచి తీసేయండి.

ప్లాస్టిక్ రీడ్లకు ఇవన్నీ అవసరమా?

తడపనక్కరలేదు, అలవాటు చేయనక్కరలేదు, తేమతో పని లేదు. కెనడాలోని లెజేర్ వంటి కంపెనీలు చేసే కృత్రిమ రీడ్లను వృత్తి వాద్యకారులు కూడా వాడుతున్నారు. సబ్బునీటితో కడిగితే చాలు. అయితే ఎక్కువసేపు ఆపకుండా వాయిస్తే ఇవీ మెత్తబడతాయి కాబట్టి రెండింటిని మార్చి మార్చి వాడండి. గడ నాదంలోని లోతు వాటిలో నాకింకా పూర్తిగా వినిపించలేదు. మధ్యమధ్యలో క్లారినెట్ పక్కన పెట్టి వేరే వాద్యం వాయించాల్సిన వారికి మాత్రం ఇవి గొప్ప ఊరట.

కచేరీకి ఎలాంటి రీడ్ ఎంచుకోవాలి?

అలవాటు దశ దాటి, ఇంకా అలసిపోనిదాన్ని. ముందు రోజు కనీసం మూడింటిని సిద్ధం చేసి, వీలైతే కచేరీ జరిగే హాల్లోనే వాయించి చూడండి. ఇంటి గదిలో తేలికగా పలికే మెత్తటి రీడ్ పెద్ద హాల్లో వెనక వరుసలకు చేరదు. గదిలో కాస్త గట్టిగా తోచినదే అక్కడ నిండుగా వినిపిస్తుంది. చల్లటి గాలి వీచే హాల్లో రీడ్ తొందరగా ఆరిపోతుంది కనుక మీ భాగం లేని చోట్ల మౌత్‌పీస్‌కు మూత పెట్టి ఉంచండి. ఆ రోజు గరుకు కాగితాన్ని ఇంట్లో వదిలి వెళ్లండి.

పనికిరాని రీడ్లను ఏం చేయాలి?

బూజు పట్టినవి, చిట్లినవి తప్ప మిగతావి ఒక డబ్బాలో వేసి ఉంచుకోండి. గీకడం, చదును చేయడం నేర్చుకోవడానికి అంతకు మించిన సరుకు లేదు. ఒక పాత రీడ్ కుడి అంచును కావాలనే ఎక్కువ రుద్ది వాయించండి, మరో దాని గుండెను గీకి వాయించండి, ఇంకో దాని కొనను ఎక్కువ కత్తిరించి వాయించండి. ఏ తప్పుకు నాదం ఎలా మారుతుందో చెవికి ఒకసారి పట్టుబడితే, మంచి రీడ్ మీద చెయ్యి ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.